అభా పొగమంచులో స్లొవేనియా

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఏ దేశం గురించైనా వారం రోజులు కూర్చుని చదివితే, ఆ దేశంలో పుట్టినవాడికంటే బాగా చెప్పొచ్చని. ఇరవై నాలుగేళ్ళ వయసులో మనిషికి ఇలాంటి నమ్మకాలు జ్వరంలా వస్తాయి, వాటికి మందు లేదు, వయసు రావాలంతే. అప్పటికి నేను చూసిన దేశాలు రెండు. ఒకటి నేను పుట్టిన రాయచోటి (దాన్ని దేశమంటే మా వాళ్ళెవరూ అభ్యంతరం చెప్పరు), రెండోది సౌదీ. ఆ సౌదీలో కూడా నేను చూసింది అభా ఒక్కటే. ఇసుకా ఒంటెలూ ఉంటాయనుకుని వచ్చినవాణ్ణి తీసుకెళ్ళి కొండల మీద, చలిలో, పొగమంచులో పెట్టారు. ఇక్కడ స్వెటర్ వేసుకుంటున్నానని ఫోన్లో చెబితే మా అమ్మీ నమ్మలేదు. "యా ఊర్లో ఉండావో నిజం చెప్పు మున్నా" అంది. ఆ పేరు మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. అభాలో నన్నందరూ 'సార్' అనేవారు, ఆఫీసులో టై కట్టుకునేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి.

ఆఫీసంటే పెద్దగా ఊహించుకోకండి. కింద రొట్టెల కొట్టు, పైన మేము. వేసవిలో యూరప్ వెళ్ళాలనుకునే అక్కడి కుటుంబాలకి టికెట్లూ వీసాలూ హోటళ్ళూ చూసిపెట్టడం మా పని. మా మేనేజర్ హైదరాబాదు పాతబస్తీ ఆయన. అరబ్బీలో మేనేజర్ని ముదీర్ అంటారు కనక ఆయన మాకందరికీ ముదీర్ సాబ్. ఒకరోజు ఆయన నన్ను పిలిచి, "అందరూ స్విట్జర్లాండ్ అమ్ముతున్నరు మియా. మనం ఎవరూ ఇనని దేశం అమ్మాలె. స్లొవేనియా" అన్నారు. నేను కూడా విననిదే. ఆ మాట పైకి చెప్పలేదు. అమ్మకంలో ఆయనకొకటే సూత్రం. కస్టమర్ ఏది అడిగినా 'హా' అనాలి. సముద్రం ఉందా, హా. హలాల్ భోజనం ఉందా, హా. పిల్లలకి గుర్రాలున్నాయా, హా. "నీ ప్రొబేషన్ ఈ నెలతో ఖతం. ఒక్క పెద్ద ఫ్యామిలీని పట్టినవా, ఇఖామా పక్కా. లేకపోతే ఎగ్జిట్ కొట్టిస్తా" అని కూడా నవ్వుతూనే చెప్పారు. ఇఖామా అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, ఎగ్జిట్ అంటే మళ్ళీ రాయచోటి. అక్కడ మా అబ్బా నేను గల్ఫులో ఆఫీసరునని బజారంతా చెప్పి ఉన్నాడు.

కాబట్టి చదివాను. ఇటలీ, ఆస్ట్రియా, హంగరీ, క్రొయేషియాల మధ్య ఇరుక్కున్న చిన్న దేశం. పటంలో చూస్తే పరుగెత్తే కోడిలా ఉంటుంది. మా పక్కనున్న పాత అనంతపురం జిల్లా దాదాపు దానంత. సగానికి పైగా అడవి, అడవిలో ఎలుగుబంట్లు. రోమన్లు ఏలారు, తర్వాత వియన్నాలో కూర్చున్న చక్రవర్తులు వందల ఏళ్ళు ఏలారు, ఆ తర్వాత యుగోస్లావియాలో కలిశారు, చివరికి నా పసితనంలో పది రోజుల యుద్ధంతో స్వతంత్రులయ్యారు. (పది రోజుల్లో మా వీధిలో గోడ తగాదా కూడా తేలదు.) వీళ్ళ పూర్వీకుల్లో ఒక ఆచారం ఉండేదట. కొత్త ప్రభువు గద్దెనెక్కే ముందు ఒక మామూలు రైతు రాతి మీద కూర్చుని, "ఈ వచ్చేవాడెవడు? న్యాయంగా తీర్పు చెబుతాడా?" అని అడగాలి. జనం చెప్పిన జవాబు విన్నాకే రైతు లేచి ఆ రాయి ప్రభువుకి ఇచ్చేవాడు. అది చదివి నాకు ఆ దేశం మీద గౌరవం కలిగింది. అంతవరకూ బాగానే ఉంది. ఇంకా చదివే కొద్దీ, అసలు దేశం పైన లేదు, కింద ఉందని తెలిసింది.

కింద అంతా సున్నపురాయి. నీళ్ళు దాన్ని యుగాల తరబడి తినేసి వేల గుహలు చేశాయి. అక్కడ ఒక చెరువు ఉంది. వానలు పడితే మైళ్ళ కొద్దీ నిండుతుంది, వేసవి వచ్చేసరికి నేలలోని బొరియల్లోకి దిగి మాయమవుతుంది. చలికాలం చేపలు పట్టినచోటే వేసవిలో గడ్డి కోసుకుంటారు. ఒక నది ఉంది. కొండ కిందకి దూరుతుంది, కొంతదూరం పోయి బయటికొస్తుంది, మళ్ళీ దూరుతుంది, మళ్ళీ వస్తుంది. వచ్చినప్పుడల్లా దాని పేరు వేరు. మొత్తం ఏడు పేర్లు. ఉడతకీ ఎలుకకీ మధ్యగా ఉండే ఒక చిన్న జంతువు ఉంది. చీకటి పడ్డాక దయ్యమే వాటిని మేకల మందలా గుహల్లోకి తోలుకుపోతుందని పాతవాళ్ళు నమ్మేవారు. ఇక అన్నిటికంటే కింద, వెలుతురు ఎన్నడూ సోకని నీళ్ళలో, జానెడు పొడవున ఒక ప్రాణి. కళ్ళు లేవు. చర్మం మనిషి ఒంటి రంగు. చిన్న చిన్న చేతులు. తిండి లేకుండా ఏళ్ళ తరబడి ఉండగలదు, వందేళ్ళ దాకా బతకగలదు. దాన్ని వాళ్ళు 'మనిషి చేప' అంటారు. నా గదిలో రజాయి కప్పుకుని ఇది చదువుతుంటే కిటికీ అద్దానికి పొగమంచు అంటుకుని ఉండేది. ఎందుకో లేచి పరదా వేసేశాను.

ముదీర్ సాబ్ పట్టుకున్న పెద్ద కుటుంబం ఊరికి దూరంగా, కొండ పైన ఒక పాత ఊళ్ళో ఉండేది. ఇంటి పెద్దకి డెబ్భై దాటి ఉంటాయి. తేనె మనిషి. ఆ కొండల్లో తేనెకి చాలా పేరు, ఆయన తేనెకి ఇంకా పేరు. కొడుకులూ కోడళ్ళూ మనవలూ కలిసి ఇరవై మందికి తగ్గరు. కోడళ్ళకి యూరప్ వెళ్ళాలని ఉంది, ఆయన మాత్రం ఇల్లు కదలనంటున్నాడు. ఆయన ఒప్పుకుంటే అందరూ బయల్దేరతారు. నన్ను పంపించి ఆయనకి దేశం పరిచయం చేయించాలన్నది ఏర్పాటు. చలికాలం, మధ్యాహ్నం నమాజు అయ్యాక, ప్రొజెక్టర్ ఒళ్ళో పెట్టుకుని ఆఫీసు బండి ఎక్కాను.

బండి నడిపేది జగిత్యాల వైపు అన్న. ఇరవై ఏళ్ళుగా ఆ కొండ దారుల్లో తిరిగినవాడు. తోటివాళ్ళలో తనొక్కడే నన్ను సార్ అనకుండా తమ్మీ అనేవాడు. సగం దూరం పోయేసరికి పొగమంచు దిగింది. దిగిందనడం కంటే, ముందు దారి తీసేశారు, తర్వాత కొండ తీసేశారు, చివరికి బండి ముందుభాగం కూడా తీసేశారు అనాలి. అద్దం మీద వైపర్లు తెల్లదనాన్ని ఇటు నుంచి అటు తోస్తున్నాయి. ఉన్నట్టుండి ఆ తెల్లదనంలో దారి మధ్య ఎవరో కూర్చుని ఉన్నారు. భుజాల మీద బూడిదరంగు జుట్టు, మోకాళ్ళ మీద చేతులు, పంచాయతీ పెద్దలా. మగ కోతి. అక్కడి కొండకోతులు మన కోతుల్లా ఉండవు, మనిషిలో సగం ఎత్తుంటాయి. అది లేవలేదు. అన్న బండి ఆపి, తల వంచి, అది దాటేదాకా ఊపిరి బిగబట్టాడు. ఆ వెనక ఒక్కొక్కటే ఎన్నో నీడలు దారి దాటాయి, చప్పుడు లేకుండా.

"తమ్మీ, ఒక ముచ్చట జెప్త, నవ్వొద్దు" అన్నాడు అన్న. "గీ పొగల ఎవలన్న పిలిస్తె పలుకకు. మనిషైతె మూడో పాలి గూడ పిలుస్తడు. గది అయితె రెండు పాల్లే పిలుస్తది."

"గది అంటే ఏందన్నా?"

"గదేంది అని అడగద్దు. గదే."

నేను చదువుకున్నవాణ్ణి. నవ్వాను. (ఆ నవ్వు నాకే నచ్చలేదు, కొంచెం ఎక్కువసేపు నవ్వాను.)

ఆ ఇల్లు కొండ అంచున ఉంది. మట్టి గోడలు, గోడల్లో వరసలు వరసలుగా బయటికి పొడుచుకొచ్చిన పలకరాళ్ళు. వాన గోడలకి తగలకుండా అవి అలా పెడతారని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం మూసిన కనురెప్పల్లా కనిపించాయి. లోపల పొడవాటి గది. గోడ వెంట మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. పక్క తలుపు కాస్త తెరిచి ఉంది, దాని వెనక ఆడవాళ్ళు వింటున్నారని గాజుల చప్పుడు చెబుతోంది. పెద్దాయన పల్చటి మనిషి, నెరిసిన గడ్డం, చాలా నెమ్మదైన చూపు. నాకు కాఫీ ఆయనే పోసి ఇచ్చాడు. చిన్న కొడుకు స్కూలు టీచరు, ఇంగ్లీషు తెలిసినవాడు, నేను చెప్పేది అరబ్బీలో చెప్పడానికి పక్కన కూర్చున్నాడు. నా అరబ్బీ సంగతి చెప్పాలంటే, ఖురాన్ మొత్తం చదవగలను, ఉల్లిపాయలు కొనలేను.

మొదలు బాగా పెట్టాను. గుహ నోట్లో కట్టిన ఒక కోట బొమ్మ చూపించి, అందులో దాక్కున్న దొంగదొర కథ చెప్పాను. చక్రవర్తి సైన్యం కింద కాపు వేసి కూర్చుంటే, వాడు గుహలోని రహస్య దారిన బయటికెళ్ళి తాజా పళ్ళు తెచ్చుకుని తిని, మిగిలినవి సైనికుల మీదకి విసిరేవాడు. ఎంతకీ పట్టుబడలేదు. చివరికి సేవకుడే ద్రోహం చేసి, దొర మరుగుదొడ్డికి వెళ్ళిన సమయం చూసి సైగ చేశాడు. ఫిరంగి గుండు సరిగ్గా అక్కడే వచ్చి తగిలింది. గది ఘొల్లుమంది. తలుపు వెనక నవ్వులు ఆగలేదు. తేనెటీగల సంగతి చెప్పాను. అక్కడివాళ్ళు పెట్టెల ముందు పలకల మీద రంగుల బొమ్మలు వేస్తారని, ఈగలు తమ ఇల్లు గుర్తుపట్టడానికని అంటారని చెబితే పెద్దాయన ముందుకి వంగాడు. నా ఇఖామా నా కళ్ళకి కనిపించింది. అప్పుడు గుహ బొమ్మ వేశాను, కరెంటు పోయింది.

పట్టపగలే. కానీ ఆ గదికి కిటికీలు చిన్నవి, పైన ఉన్నాయి, వాటి బయట తెల్లటి గోడలా పొగమంచు. గదిలోకి ఒక బూడిద చీకటి వచ్చి కూర్చుంది. ఆగిపోతే అమ్మకం చల్లారిపోతుందని, నేను ఫోన్ టార్చి వెలిగించి గుహలూ, ఏడు పేర్ల నదీ చెప్పుకుంటూ పోయాను. (దాన్ని నా గడ్డం కింద పట్టుకున్నానని, నా నీడ వెనక గోడంతా నిండిందని అన్న తర్వాత చెప్పాడు, వాకిట్లోంచి చూశాడట.) మనిషి చేప దగ్గరికి వచ్చాను. టీచరు గారికి ఆ మాట అరబ్బీలో తోచక ఆగితే, ఇన్సాన్ అన్న మాట మన ఉర్దూలోదే కదా అని నేనే అందించాను. "సమక్ ఇన్సాన్." చేప మనిషి. ఆ మాట పడగానే ఒకాయన కాఫీ కప్పు పెదాల దాకా తెచ్చి ఆపేశాడు.

"ఏం తింటుంది?" పెద్దాయన అడిగాడు.

"ఏమీ తినదు. ఏళ్ళ తరబడి."

"చూస్తుందా?"

"కళ్ళు లేవు. కానీ మనం దగ్గరికొస్తే దానికి తెలుస్తుంది."

"ఎన్నాళ్ళు బతుకుతుంది?"

"మీ తాతగారి కాలం నుంచి ఇప్పటిదాకా."

తలుపు వెనక గాజుల చప్పుడు కూడా ఆగింది. ఆ నిశ్శబ్దంలో పైన, కప్పు మీద, ఎవరో నడుస్తున్నారు. తొందర లేకుండా, మెత్తగా, ఒక అడుగు, ఆగి, ఇంకో అడుగు. నేను తల ఎత్తాను. కిటికీ అంచు మీదకి బయటి తెల్లదనంలోంచి ఒక చెయ్యి దిగింది. పొడవాటి వేళ్ళు, గోళ్ళు. అది గుడ్డివాడి చెయ్యిలా రాయిని తడిమింది, ఇటు తడిమింది, అటు తడిమింది, నా వైపు చాచుకుంది. నేను మా అమ్మీని పిలిచాను. ఇంగ్లీషులో కాదు, అరబ్బీలో కాదు, చిన్నప్పటి గొంతుతో. టార్చి కింద పడింది.

"గిర్ద్" అన్నాడు టీచరు గారు నింపాదిగా. కోతి. రోజూ ఆ వేళకి వస్తుందట, కిటికీలో దానికోసం ఖర్జూరాలు పెడతారట. ఖర్జూరం దొరికాక చెయ్యి పైకి వెళ్ళిపోయింది. ఈసారి నవ్వులు కోట కథకి వచ్చినవాటికంటే ఎక్కువ. నేనూ నవ్వాను, నవ్వక ఏం చేస్తాను. ఒక్క పెద్దాయన నవ్వలేదు. "ఆ నది సంగతి ఇంకోసారి చెప్పు" అన్నాడు. ఏడు పేర్ల నది గురించి మళ్ళీ చెప్పాను, కొండ కిందకి ఎలా దూరుతుందో, ఎలా బయటికొస్తుందో. ఆయన విని లేచి నిలబడ్డాడు. "తఆల్" అన్నాడు. రా అని. కొడుకు కూడా లేవబోతే చేత్తోనే కూర్చోమన్నాడు.

ఇంటి వెనక నుంచి మెట్లు మెట్లుగా పొలాలు దిగుతాయి. ఆయన ముందు, నేను వెనక. ఆయన తెల్లటి చొక్కా మూడడుగుల దూరంలో ఉంటే ఉంది, లేకపోతే లేదు. తేనె పెట్టెల వరస పక్కనుంచి వెళ్ళాం. లోపల ఈగలు చలికి ముద్దగా చేరి సన్నగా మూలుగుతున్నట్టు చప్పుడు. చివరి మెట్టు దగ్గర, ముసలి చెట్ల మధ్య, కొండలో ఒక నోరు ఉంది. మనిషి వంగి దూరేంత. బయటి గాలి కదలడం లేదు, కానీ ఆ నోట్లోంచి చల్లటి గాలి వస్తోంది. వస్తుంది, ఆగుతుంది, వస్తుంది. ఆయన లోపలికి వంగి, నాలుగడుగులు వేసి రాతి మీద కూర్చున్నాడు. నన్నూ కూర్చోమన్నాడు. తర్వాత నా చేతిలో టార్చి మీద చెయ్యి వేసి ఆర్పేయమన్నాడు.

అంత చీకటి నేనెప్పుడూ చూడలేదు. చూడడమన్న మాట కూడా తప్పే. ఆయన నాకు అర్థమయ్యేలా చిన్న చిన్న మాటల్లో, ఆగి ఆగి చెప్పాడు. ఆయనకొక తమ్ముడు ఉండేవాడు. చిన్నప్పుడు ఇద్దరూ మేకల్ని మేపుతుంటే వాన వచ్చింది. ఒక మేక ఈ గుహలోకి దూరింది. తమ్ముడు దాని వెనక వెళ్ళాడు. ఈయన బయట మిగతా మేకల్ని పట్టుకుని నిలబడ్డాడు. లోపలినుంచి తమ్ముడి పిలుపు కాసేపు వినిపించింది, దూరమవుతూ. తర్వాత నీళ్ళ చప్పుడు వచ్చింది. అంతే. ఊరంతా దీపాలు పట్టుకుని వెతికింది. మేక కూడా దొరకలేదు. పొగమంచు దిగిన రోజున ఈ గుహ ఇలా ఊపిరి పీలుస్తుందట. ఆ రోజుల్లో ఆయన వచ్చి కూర్చుంటాడట. ఇంట్లో తేనె పెట్టెలు చూసుకోవడానికి వెళ్ళాడనుకుంటారు.

"నది లోపలికి పోయి బయటికి వస్తుందన్నావు" అన్నాడు. "దానితో లోపలికి పోయినవి కూడా వస్తాయా?"

ముదీర్ సాబ్ సూత్రం నాకు గుర్తుంది. 'హా' అని ఒక్క అక్షరం. ఆ అక్షరం మీద నా ఇఖామా, మా అబ్బా పరువు, అన్నీ ఉన్నాయి. నోరు తెరిచాను. మొహానికి గుహ ఊపిరి తగిలింది, తడి రాతి వాసనతో. నోట్లోంచి అది రాలేదు. "నది వస్తుంది. పేరు మారి వస్తుంది. మిగతావి..." అని ఆగి, నాకు బాగా వచ్చిన రెండు అరబ్బీ మాటలు చెప్పాను. "మా అద్రీ." నాకు తెలియదు.

చాలాసేపు ఇద్దరం అలాగే కూర్చున్నాం. అప్పుడు లోపలి నుంచి, నేను కూర్చున్నచోటికి చాలా దూరం నుంచి, పిలుపు వినిపించింది. "మున్నా." సన్నగా. కాసేపటికి మళ్ళీ. "మున్నా." మూడో పిలుపు కోసం ఒళ్ళంతా చెవి చేసుకున్నాను. రాలేదు. పక్కన పెద్దాయన మెల్లగా లేచాడు. "విన్నావా" అన్నాడు, ఎంతో తృప్తిగా. "ఇవాళ నా పేరు పిలిచాడు."

ఆయన పేరేమిటో నాకు తెలుసు. నా పేరుకీ దానికీ ఒక్క అక్షరం కూడా కలవదు.

బయటికొచ్చాక ఆయన నమాజుకి వేళయిందని ఇంటి వైపు వెళ్ళిపోతూ, బండి దగ్గరికి తిన్నగా పైకి వెళ్ళమని చెయ్యి చూపించాడు. ఆ పొగమంచులో తిన్నగా అన్నదానికి అర్థమేమీ లేదు. కొంతదూరం ఎక్కేసరికి నేనెక్కడున్నానో నాకు తెలియలేదు. అలాంటప్పుడు ముందునుంచో పక్కనుంచో ఒక గొంతు. "ఓ తమ్మీ." నేను ఆగిపోయాను. పలకలేదు. కాసేపాగి మళ్ళీ, "ఓ తమ్మీ, ఏడున్నవ్?" రెండయ్యాయి. మూడోసారి పిలిస్తే మనిషే అనుకుని పొలం రాతిగోడకి ఆనుకుని కూర్చున్నాను. పిలవలేదు. పిలవలేదంటే ఇక అనుమానం లేదు. వచ్చిన దువాలన్నీ చదవడం మొదలుపెట్టాను. అవతలి వైపు నుంచి కూడా ఏదో గొణుగుడు వినిపించింది. అది కూడా ఏదో చదువుతోంది. నేను గొంతు పెంచితే అది కూడా పెంచింది. ఇలా ఎంతసేపు జరిగేదో తెలియదు, నా జేబులో ఫోన్ మోగింది, తీసి చూసి పేరు పైకే చదివాను. ముదీర్ సాబ్.

"తమ్మీ, నువ్వేనా?" గోడ అవతల నుంచి, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్నుంచి అన్న గొంతు. "దయ్యానికైతె ముదీర్ ఫోన్ జెయ్యడు."

ఇద్దరం లేచి గోడకి చెరోవైపు నిలబడ్డాం. అన్న చేతిలో ఒక రాయి ఉంది.

"రెండు తూర్లు పిలిచి ఎందుకు నిలిపేసినావన్నా? మూడోది పిలిచుంటే పలుకుదును గదా."

"నువ్వు పలుకకపాయె. మనిషైతె పలుకుతడు గద. పలుకలేదంటె అవతల ఉన్నది నువ్వు గాదు, గదే అనుకున్న. గంటసేపాయె, ఆంజనేయ దండకం సదువుతున్న."

"మరి గుహ దగ్గర నన్ను మున్నా అని పిలిచింది కూడా నువ్వేనా?"

అన్న నా మొహంలోకి చూశాడు. "మున్నా ఎవలు తమ్మీ?" అన్నాడు. ఇద్దరం బండెక్కి, అద్దాలు పైకెత్తి, కిందకి దిగాం. అన్న మాత్రం నావైపు అప్పుడప్పుడూ చూస్తున్నాడు, ఎక్కించుకున్నది నన్నేనా అన్నట్టు.

మర్నాడు సంచి సర్దుకోవడమే మంచిదనుకుంటుంటే టీచరు గారి ఫోన్ వచ్చింది. వేసవికి అందరూ వస్తున్నారు, నాన్నగారితో సహా. ముదీర్ సాబ్ నా భుజం తట్టి, "క్యా బోలే మియా? ఏం జెప్పి ఒప్పించినవ్?" అన్నారు. తెలియదని చెప్పానన్నాను. వినయం అనుకున్నారు.

వేసవి చివర్లో పెద్దాయన నన్ను పిలిపించాడు. ఎండగా ఉంది, కొండలు కిందిదాకా కనిపిస్తున్నాయి, ఆ ఇల్లు మామూలు ఇల్లు, నా అరబ్బీ కూడా ఉల్లిపాయలు కొనేంత అయింది. తేనె తెప్పించి, రొట్టె తెప్పించి, నాకు స్లొవేనియా చెప్పాడు. అక్కడి ఈగలు బూడిదరంగువట, చాలా మెతకవట, ఆయన వట్టి చేత్తో తేనెపట్లు తీసి చూశాడట. "మావైతే నిన్ను చంపేవి" అన్నాడు గర్వంగా. మనిషి చేప అద్దాల తొట్టిలో ఒక మూల పడుకుని ఉందట, కదల్లేదట, దాన్ని చూసి కోడళ్ళు నిరాశపడ్డారట. ఇంటివాళ్ళంతా సరస్సుకి వెళ్ళిన రోజు ఆయన ఒక్కడే ఆ నది కొండలోంచి బయటికొచ్చే చోట రోజంతా కూర్చున్నాడట.

అడగకుండా ఉండలేకపోయాను. "ఏమైనా వచ్చిందా?"

"నీళ్ళు వచ్చాయి" అన్నాడు. "చాలా చల్లగా ఉన్నాయి. చెయ్యి పెట్టాను. వాడికి చలి పడేది కాదు." రొట్టె తుంచి నా ముందు పెట్టి, "నువ్వు అక్కడ ఎన్నేళ్ళున్నావు?" అని అడిగాడు.

ఎన్నడూ వెళ్ళలేదని చెప్పాను. ఆయన నన్ను చాలాసేపు చూశాడు. తర్వాత ఆయన మొహమంతా నవ్వు పరుచుకుంది, ఆయన పళ్ళు నేను మొదటిసారి చూశాను. "అందుకే" అన్నాడు. "నేను చూసింది బాగుంది. నువ్వు చెప్పింది ఇంకా బాగుంది."

ఇప్పుడు నేను రియాద్‌లో, మలాజ్ పేటలో ఉంటాను. టై కట్టుకోవడం మానేశాను, మోకాళ్ళు పట్టేస్తున్నాయి, నా కింద నలుగురు కుర్రాళ్ళు పనిచేస్తున్నారు. పెద్దాయన పోయాడని టీచరు గారు చెప్పారు. పోయిన వేసవిలో ఆఫీసు ఖర్చుతో స్లొవేనియా వెళ్ళే అవకాశం నాకే వచ్చింది. నేను ఇంకొకర్ని పంపాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. "ఉత్తపుణ్యానికి వస్తే వద్దంటారా? సూడని దేశం గురించి ఇంగా ఎన్నాళ్ళు సెప్తారు?" అంది. మోకాళ్ళ మీద నెపం పెట్టాను. నిజానికి మోకాళ్ళది కాదు తప్పు. ఎక్కడో ఆ కొండ మీద, కరెంటు పోయిన గదిలో, గడ్డం కింద దీపం పెట్టుకుని ఒక కుర్రాడు తను చూడని దేశం గురించి వణుకుతూ చెబుతున్నాడు, గోడ వెంట అందరూ కాఫీ తాగడం మరిచిపోయి వింటున్నారు. వాడి మాటకి అడ్డం వెళ్ళి, "అదలా కాదులే నాయనా, నేను చూసొచ్చాను" అనే పెద్దమనిషిని కావాలని నాకు లేదు.